చుసోక్ పండగ రోజుల్లో కొరియా ప్రయాణం: ఎప్పుడు కదలాలి, ఎక్కడ ఆగాలి

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో దక్షిణ కొరియా వెళ్లేవాళ్లు విమానం టికెట్ కొనకముందే ఒక తేదీ చూసుకోవాలి. అది చుసోక్. కొత్త పంట చేతికొచ్చే వేళ పెద్దల్ని తలుచుకుని, వాళ్ల సమాధుల దగ్గరికి వెళ్లి మొక్కి, ఇంటిల్లిపాదీ కలిసి భోంచేసే పండగ. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అవడం, పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరడం చూసినవాళ్లకి ఆ రోజుల్లో సియోల్ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. కోట్ల మంది నాలుగైదు రోజుల్లో ఊళ్లకి వెళ్లి తిరిగొస్తారు. రైళ్లు నిండిపోతాయి, హైవేలు నత్తనడక నడుస్తాయి, చిన్న హోటళ్లు షట్టర్లు దించేస్తాయి.

అందుకే చాలామంది "ఆ టైములో వెళ్లకండి" అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. కొరియాని దాని ఇంటి మొహంతో చూడగలిగే రోజులు ఏడాదిలో కొన్నే ఉంటాయి, అవి ఇవే. కాకపోతే కదిలే రోజులు ఏవి, ఒకచోట ఆగే రోజులు ఏవి అన్నది ముందే విడదీసుకోవాలి. టూరిస్టుగా వెళ్లేవాళ్లకీ, అక్కడ చదువుకుంటూనో ఉద్యోగం చేస్తూనో మొదటి చుసోక్ చూడబోతున్నవాళ్లకీ పనికొచ్చేలా ఒక్కో మెట్టూ రాస్తున్నాను.

ముందు తేదీ ఖాయం చేసుకోండి

కొరియా చాంద్రమాన లెక్కలో ఎనిమిదో నెల పున్నమి నాడు చుసోక్. సెలవు మూడు రోజులు: ముందు రోజు, పండగ రోజు, మర్నాడు. 2026లో పండగ సెప్టెంబరు 25, శుక్రవారం. అంటే 24 గురువారం నుంచి 26 శనివారం దాకా సెలవు, ఆదివారం కలిపితే నాలుగు రోజులు. 2027లో సెప్టెంబరు 15న, 2028లో అక్టోబరు 3న వస్తుంది. 2025లో అక్టోబరు 6న వచ్చింది. అటు 3వ తేదీ దేశ స్థాపన దినం, ఇటు 9వ తేదీ కొరియా లిపి దినం, మధ్యలో శని, ఆదివారాలు, ఒక బదులు సెలవు కలిసి ఏడు రోజులు ఏకబిగిన సెలవులయ్యాయి. అన్ని రోజులున్నప్పుడు జనం తలా ఒక రోజు బయల్దేరతారు, విదేశాలకీ ఎక్కువగా వెళ్తారు. 2026 లాంటి నాలుగు రోజుల ఏడాదిలో అందరూ ఒకే పూట రోడ్డెక్కుతారు. మీ ప్లాను అంత గట్టిగా ఉండాలి.

మన పంచాంగం ప్రకారం చాలా ఏళ్లు అది భాద్రపద పౌర్ణమే. ఇక్కడ మహాలయ పక్షాలు మొదలయ్యే వేళకే అక్కడ వాళ్లూ పెద్దలకి పెడతారు. ఇద్దరి అధిక మాసాలూ కలవని ఏడు మాత్రం నెల తేడా వస్తుంది. 2025లో మనకి అది ఆశ్వయుజ పౌర్ణమి.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. పండగకి ముందు రెండు మూడు వారాంతాల్లో కుటుంబాలు సమాధుల మీద పెరిగిన గడ్డి కోయడానికి ఊళ్లకి వెళ్తాయి. దాన్ని బొల్చో అంటారు. ఆ శని, ఆదివారాల పొద్దున సియోల్ నుంచి బయటికెళ్లే రోడ్లు అప్పుడే బిగుసుకుంటాయి. పండగకి వారం ముందు కదా, రోడ్డు ఖాళీగానే ఉంటుందనుకుని శనివారం ఉదయం బస్సెక్కితే ఆలస్యం తప్పదు. శుక్రవారం మధ్యాహ్నమే బయల్దేరండి.

జనం ఎటు పోతున్నారో చూసి, ఎదురు వెళ్లండి

ఇది ఒక్కటి పట్టుకుంటే సగం ప్రయాణం గట్టెక్కినట్టే. చుసోక్ ప్రవాహానికి రెండు దశలున్నాయి. పండగకి ముందు సియోల్ నుంచి ఊళ్లకి, పండగ మధ్యాహ్నం నుంచి ఊళ్ల నుంచి సియోల్‌కి. ముందు రోజు దక్షిణ తీరాన ఉన్న బుసాన్ వెళ్లే రైల్లో నిలబడే చోటు కూడా దొరకదు. అదే రోజు బుసాన్ నుంచి సియోల్ వచ్చే రైల్లో సీట్లు కనిపిస్తాయి. పండగ మర్నాడు ఇది తిరగబడుతుంది. ఎదురు దిశలో ఖాళీగా నడిచే హైస్పీడ్ రైళ్ల మీద రైల్వే సంస్థ కొన్నేళ్లు రాయితీలు కూడా ఇచ్చింది.

దీన్ని మీ ప్లానులో పెట్టడం తేలికే. 2026నే తీసుకోండి. సియోల్‌లో దిగి 24, 25 తేదీలు అక్కడే ఉండండి. 26 శనివారం ఉదయం బుసాన్‌కో గ్యోంగ్జుకో రైలెక్కండి. జనం వెనక్కి వస్తుంటారు, మీరు ముందుకి వెళ్తుంటారు. ఆదివారం సాయంత్రం తిరిగిరాకండి, అది రద్దీకి చివరి పూట. సోమవారం పన్నెండు గంటలకి హాయిగా రండి.

దక్షిణాది ఊళ్లోనే పండగ చూడాలనుకుంటే ఇంకో దారి ఉంది. రద్దీ మొదలవకముందే, అంటే సోమ, మంగళవారాల్లోనే ఆ ఊరు చేరుకోండి. పండగ అయ్యేదాకా అక్కడే ఉండి, వారం మొదలయ్యాక కదలండి. మూడు రోజుల్లో మూడు ఊళ్లు చూద్దామన్న ప్లాను మాత్రం వద్దు. చుసోక్‌లో అది రైల్వే స్టేషన్లు చూడటంగా మిగులుతుంది.

రైలు టికెట్లు

కొరియాలో హైస్పీడ్ రైళ్లు రెండు పేర్లతో నడుస్తాయి. 2004లో మొదలైన కేటీఎక్స్ ఎక్కువగా సియోల్, యోంగ్సాన్, చొంగ్న్యాంగ్ని స్టేషన్ల నుంచి బయల్దేరుతుంది. 2016 డిసెంబరులో వచ్చిన ఎస్ఆర్‌టీ ఎక్కువగా నగరం ఆగ్నేయాన ఉన్న సుసో స్టేషన్ నుంచి. సియోల్ నుంచి బుసాన్‌కి కేటీఎక్స్‌లో రెండున్నర గంటల పైచిలుకు. మామూలు తరగతి ఛార్జీ ఏళ్ల తరబడి 59,800 వోన్ల దగ్గరే ఉంది. పండగని చెప్పి ఛార్జీ పెంచరు. సీటు దొరకడమే కష్టం.

మామూలు రోజుల్లో నెల ముందు టికెట్లు తెరుచుకుంటాయి. పండగ తేదీలకి మాత్రం అలా కాదు. ఆ రోజుల టికెట్లన్నీ ఆపి, విడిగా ప్రత్యేక అమ్మకం పెడతారు. సుమారు మూడు నాలుగు వారాల ముందు ఉంటుంది. 2024లో సెప్టెంబరు 17 పండగకి ఆగస్టులోనే అయిపోయింది. ముందు వృద్ధులకీ వికలాంగులకీ కేటాయించిన రోజులు, తర్వాత అందరికీ. ఒక్కో రోజు కొన్ని లైన్లకే అమ్ముతారు. పొద్దున 7 గంటలకి సైటు తెరుచుకోగానే లక్షల మంది క్యూలో ఉంటారు. తత్కాల్ కోసం పది కొట్టగానే వేలు ఆడించిన అనుభవం మీకుంటే ఇక్కడ పనికొస్తుంది. లోపలికి వెళ్లాక కొద్ది నిమిషాలే టైమిస్తారు. కాబట్టి ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కి, ఏ రోజు, ఏ రైలు, అది లేకపోతే రెండోది ఏది అని కాగితం మీద రాసుకుని కూర్చోండి. బుక్ అయ్యాక డబ్బు కట్టడానికి విడిగా గడువు ఉంటుంది. అది దాటితే టికెట్ తనంతట తనే రద్దయి వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకి పోతుంది.

కొరియాలో ఉంటున్న విద్యార్థులు, ఉద్యోగులు ముందుగానే రైల్వే సంస్థ కొరైల్ సభ్యత్వం తీసుకుని పెట్టుకోండి. ప్రత్యేక అమ్మకంలో సభ్యత్వ నంబరు అడుగుతారు, ఆ పొద్దున రిజిస్టర్ చేసుకుంటూ కూర్చుంటే అయ్యే పని కాదు. ఎస్ఆర్‌టీ అమ్మకం ఇప్పటిదాకా వేరే రోజుల్లో, వేరే సైటులో జరిగింది, దానికి వేరే ఖాతా కావాల్సొచ్చింది. టూరిస్టులకి ఈ పోటీ అక్కర్లేదు. ప్రత్యేక అమ్మకం ముగిసిన రోజు మధ్యాహ్నం మిగిలిన సీట్లు మామూలుగా అందరికీ తెరుస్తారు. ఎదురు దిశలో వెళ్తున్నారు కాబట్టి మీకు అవి చాలు.

సీటు దొరక్కపోతే ఏం చేయాలి? మొదట, డబ్బు కట్టే గడువు ముగిసిన మర్నాడు పొద్దున చూడండి. కట్టనివాళ్ల సీట్లు అప్పుడు బయటపడతాయి. తర్వాత ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మళ్లీ చూడండి. రద్దు చేస్తే పడే కోత ప్రయాణం దగ్గరపడేకొద్దీ పెరుగుతుంది కాబట్టి ఎగస్ట్రా టికెట్లు కొనిపెట్టుకున్నవాళ్లు అప్పుడే వదిలేస్తారు. మూడో దారి ముగుంఘ్వా అనే నిదానపు రైలు. బుసాన్‌కి ఐదున్నర గంటలు పడుతుంది, ఛార్జీ కేటీఎక్స్‌లో సగానికి తక్కువ, చిన్న ఊళ్లలో ఆగుతూ పోతుంది, కిటికీలోంచి కోతకొచ్చిన వరిచేలు కనిపిస్తాయి. తొందర లేకపోతే నేనైతే దీన్నే ఎక్కమంటాను.

ఆఖరిది నిలబడే టికెట్. సీట్లు నిండాక ఇది ఇస్తారు. కొంత దూరం సీటు, కొంత దూరం నిలబడటం కలిపిన టికెట్ కూడా యాప్‌లో వస్తుంది. నిలబడేవాళ్లు బోగీకీ బోగీకీ మధ్య తలుపుల దగ్గర ఉంటారు. పండగ ముందు రోజు ఆ చోటు ఎలా ఉంటుందంటే, గుడ్డతో మూటకట్టిన పళ్ల పెట్టెలు, గిఫ్టు సంచులు నేల మీద, వాటి మధ్య గోడకి ఆనుకుని కాలేజీ పిల్లలు, నిద్రపోతున్న పసిపాపని భుజాన వేసుకున్న నాన్నలు. స్టేషన్ వచ్చిన ప్రతిసారీ అందరూ సామాను జరిపి, దిగేవాళ్లకి దారిచ్చి, మళ్లీ సర్దుకుంటారు. పెద్ద సూట్‌కేసుతో ఆ చోటికి వెళ్లకండి. మీకూ కష్టం, వాళ్లకీ కష్టం. పెద్ద పెట్టె సియోల్ హోటల్లో వదిలి, భుజానికి తగిలించుకునే బ్యాగుతో కదలండి.

బస్సు తక్కువది కాదు

రైలు దొరకనివాళ్లు బస్సుని ఆఖరి దిక్కులా చూస్తారు. నిజానికి చుసోక్‌లో కారు కంటే బస్సే ముందు చేరుతుంది. సియోల్ నుంచి బుసాన్ దిశగా పోయే గ్యోంగ్బు హైవేలో నీలం గీత గీసిన లేన్ బస్సులకీ, జనం నిండిన పెద్ద వ్యాన్లకీ ప్రత్యేకం. పండగ రోజుల్లో ఆ నియమాన్ని పొద్దున 7 నుంచి అర్ధరాత్రి దాటి 1 గంట దాకా పొడిగిస్తారు. పక్క లేన్లలో కార్లు ఆగిపోయి ఉంటే బస్సు వాటిని దాటుకుంటూ పోతుంది. పైగా రద్దీని బట్టి అదనపు బస్సులు వేస్తారు, అందుకే రైలు కంటే బస్సు సీటు దొరకడం తేలిక.

బస్సు ఎక్కడ ఎక్కాలో మాత్రం సరిగ్గా చూసుకోండి. గాంగ్నమ్‌లోని ఎక్స్‌ప్రెస్ బస్ టెర్మినల్‌కి మెట్రో 3, 7, 9 లైన్లు వెళ్తాయి. కానీ అక్కడ పక్కపక్కనే రెండు భవనాలున్నాయి. బుసాన్, డేగు, డేజాన్ బస్సులు ఒకదాంట్లో. గ్వాంగ్జు, జొంజు, మొక్పో బస్సులు సెంట్రల్ సిటీ అనే రెండోదాంట్లో. తప్పు భవనంలోకి వెళ్లి, పండగ జనంలోంచి రెండోదానికి పరిగెత్తడం చాలామందికి జరిగేదే. అరగంట ముందే వెళ్లండి. సొక్చో, చున్‌చాన్ వైపు అయితే గాంగ్బ్యోన్ స్టేషన్ దగ్గరున్న డాంగ్ సియోల్ టెర్మినల్ చూడండి.

దూరం బస్సులు మధ్యలో హైవే విశ్రాంతి కేంద్రం దగ్గర పదిహేను నిమిషాలు ఆపుతాయి. అక్కడ ఒకే రంగు, ఒకే కంపెనీ బస్సులు పదుల సంఖ్యలో నిలబడి ఉంటాయి. దిగగానే మీ బస్సు నంబర్ ప్లేటుని, అది నిలబడ్డ చోటుని ఫోనులో ఫొటో తీసుకోండి. ముందు టాయిలెట్ లైనులో నిలబడండి, తర్వాతే తిండి. వెన్నలో వేయించిన చిట్టి బంగాళాదుంపలు కాగితం కప్పులో పోసి పుల్ల గుచ్చి ఇస్తారు. మాంసం తిననివాళ్లకి అంతకంటే మంచి దారి తిండి లేదు. దోసిట్లో పట్టే వాల్‌నట్ కేకులు కూడా ప్రతి చోటా ఉంటాయి, వాటిలో గుడ్డు ఉండొచ్చు.

కారు అద్దెకి తీసుకుందామనుకునేవాళ్లకి ఒకటే మాట: ఈ రోజుల్లో వద్దు. పండగ మూడు రోజులూ హైవే టోల్ మాఫీ చేయడం 2017లో మొదలైంది, మధ్యలో కరోనా కాలంలో ఆపారు. ఆ మాఫీ చూసి ఆశపడకండి. మామూలుగా నాలుగున్నర, ఐదు గంటల్లో అయ్యే సియోల్–బుసాన్ దారి పీక్‌లో ఎనిమిది, పది గంటలు పట్టొచ్చు. పైగా అక్కడ బండి రోడ్డుకి కుడివైపు నడపాలి, మనకి అలవాటు లేనిది. తప్పనిసరై కారు తీయాల్సి వస్తే తెల్లవారకముందో రాత్రి తొమ్మిది దాటాకో బయల్దేరండి. పండగ రోజు మధ్యాహ్నం మాత్రం అస్సలు కాదు. సమాధుల దగ్గరికి వెళ్లేవాళ్లు, తిరుగు ప్రయాణమైనవాళ్లు కలిసి రెండు దిక్కులా రోడ్డు నిండేది అప్పుడే.

సియోల్‌లో ఆగిన రోజులు

పండగ ముందు రోజు పొద్దున్నే ఏదైనా బజారుకి వెళ్లండి. జెగీడాంగ్ దగ్గర గ్యోంగ్‌డాంగ్ మార్కెట్ అయితే మరీ మంచిది. పెట్టెల్లో గుండ్రటి పియర్ పళ్లు, ఎండు రేగుపళ్లు, చెస్ట్‌నట్లు, పూజ బల్ల మీద పెట్టడానికి ఎండుచేపలు, అక్కడికక్కడే పెనం మీద వేయిస్తున్న అట్లు. బేరాలు, తోపులాట, వేడి నూనె వాసన. ఆ రోజు సాయంత్రానికి సందడి పలచబడి, మర్నాటికి చాలా కొట్లు మూతపడి ఉంటాయి. మీకు కావాల్సిన సరుకులు కూడా అప్పుడే కొనేసుకోండి. పెద్ద మార్టులు కొన్ని పండగ రోజు మూసేస్తాయి, డిపార్ట్‌మెంట్ స్టోర్లు కూడా సెలవిస్తాయి. కన్వీనియన్స్ స్టోర్లు మాత్రం తెరిచే ఉంటాయి.

పండగ రోజు రాజభవనాలకి వెళ్లండి. గ్యోంగ్‌బోక్‌గుంగ్, చాంగ్‌డొక్‌గుంగ్, డొక్సుగుంగ్, చాంగ్‌గ్యోంగ్‌గుంగ్, రాజ సమాధులు అన్నీ సెలవు రోజుల్లో ఉచితంగా తెరుస్తారు. చాంగ్‌డొక్‌గుంగ్ వెనకాల ఉన్న రహస్య ఉద్యానానికి మాత్రం టికెట్ తీసుకోవాల్సిందే. పండగ కోసం వారపు సెలవు రద్దు చేసి, దానికి బదులు సెలవులయ్యాక ఒక రోజు మూసేయడం మామూలు. అందుకే భవనాల్ని సెలవుల తర్వాతి రోజుకి వాయిదా వేయకండి. పొద్దున తొమ్మిదికల్లా వెళ్తే ఎండ తక్కువ, జనం తక్కువ. మధ్యాహ్నానికి హాన్‌బోక్ అనే సంప్రదాయ దుస్తులు కట్టుకున్న తాతలు, మనవలు కుటుంబాలుగా వస్తారు. అది కూడా చూడదగ్గదే.

జాతీయ మ్యూజియం పండగ రోజు మూసి ఉంటుంది, దాన్ని మర్నాటికి పెట్టుకోండి. ఉత్తర కొరియా సరిహద్దు టూర్లు కూడా సెలవు రోజుల్లో సాధారణంగా ఉండవు. అయినా ఆ దిక్కుకి వెళ్లాలనిపిస్తే పాజులోని ఇమ్జింగాక్‌కి వెళ్లొచ్చు. ఉత్తరాన సొంతూరు ఉండి, యుద్ధం తర్వాత తిరిగి వెళ్లలేకపోయిన కుటుంబాలు చుసోక్‌కి అక్కడికొచ్చి, ఒక బలిపీఠం ముందు ఉత్తర దిక్కుకి తిరిగి తమ పెద్దలకి మొక్కుతాయి. సొంతూరి రైలు ఎక్కే వీలు లేనివాళ్ల చుసోక్ అది. వెళ్తే దూరంగా నిలబడండి, కెమెరా దించేయండి.

సాయంత్రం చందమామ కోసం. సియోల్‌లో నామ్‌సాన్ కొండ, పాత నగరపు గోడ వెంట ఉన్న నక్సాన్ పార్కు, నది పక్క హానుల్ పార్కు. తూర్పు తీరంలో ఉంటే గాంగ్నుంగ్‌లోని గ్యోంగ్‌పో సరస్సు, బుసాన్‌లో ఉంటే హేఉండే పక్కనున్న దల్మాజి కొండ. పున్నమి చూసి కోరిక కోరుకోవడం వాళ్ల ఆచారం. అరగంట ముందే చోటు చూసుకోండి. సెప్టెంబరులో పండగొస్తే తుఫాను మబ్బులూ ఉండొచ్చు, 2024లో లాగా ఎండలూ మండొచ్చు. అక్టోబరులో వస్తే సాయంత్రానికి స్వెట్టరు కావాలి.

తిండి సంగతి

మనవాళ్లకి అసలు ఇబ్బంది ఇక్కడే, అందులోనూ శాకాహారులకి. కుటుంబం నడిపే చిన్న హోటళ్లు పండగ రోజు, చాలాచోట్ల మర్నాడు కూడా తెరవరు. యూనివర్సిటీ హాస్టల్లో ఉంటే క్యాంటీన్ మూసేస్తారు. డేజాన్, పోహాంగ్ లాంటి చోట్ల ఉన్న పిల్లలు ఈ మాట ముందే గుర్తుపెట్టుకోవాలి. ముందు రోజుకల్లా బియ్యం, కూరగాయలు, గుడ్లు, పాలు గదిలో ఉండాలి. హాస్టల్లో వంటగది లేకపోతే మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెడితే వేడన్నమయ్యే డబ్బాలు ఏ కన్వీనియన్స్ స్టోర్లోనైనా దొరుకుతాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న కందిపొడి, ఊరగాయ సీసా ఆ అన్నంతో మూడు రోజులు నడిపించేస్తాయి. ఇండియా నుంచి వచ్చేటప్పుడు పొడులు పెట్టుకోవడం మర్చిపోకండి.

సియోల్‌లో ఇటేవాన్, మ్యోంగ్‌డాంగ్, హోంగ్‌డే ప్రాంతాల్లో పండగ రోజు కూడా తెరిచిన హోటళ్లు దొరుకుతాయి. మసీదు ఉన్న ఇటేవాన్ కొండ మీద భారతీయ భోజనం, హలాల్ సరుకుల కొట్లు ఉన్నాయి. వెళ్లేముందు నేవర్ మ్యాప్‌లోనో కాకావో మ్యాప్‌లోనో ఆ రోజు వేళలు చూసుకుని, వీలైతే ఫోన్ చేసి అడగండి.

పండగ వంటల్లో ఏది ఏమిటో తెలుసుకుంటే నిశ్చింతగా తినొచ్చు. సోంగ్‌ప్యోన్ అనే అర్ధచంద్రాకారపు ఉండ్రం శాకాహారమే. కొత్త బియ్యప్పిండిని వేడినీళ్లతో కలిపి, లోపల నువ్వులూ చక్కెరా, లేదా పెసలో చెస్ట్‌నట్టో పెట్టి, పైన్ ఆకుల మీద ఆవిరికి ఉడికిస్తారు. పైన నువ్వులనూనె రాస్తారు. కూరగాయల అట్లు చూడటానికి శాకాహారంలా కనిపిస్తాయి కానీ గుడ్డులో ముంచి వేయిస్తారు. సన్నటి చిలగడదుంప నూడిల్స్‌తో చేసే జాప్‌ఛేలో గొడ్డుమాంసం ముక్కలుంటాయి. చేమదుంపల పులుసు కూడా చాలా ఇళ్లలో గొడ్డుమాంసపు రసంతోనే. కిమ్చీలో చేపల రసమో ఎండురొయ్యల ముద్దో పడుతుంది. గొడ్డుమాంసం ముట్టనివాళ్లు మొహమాటపడకుండా ముందే చెప్పండి. "సోగోగి మోత్ మొగొయో" అంటే సరిపోతుంది.

ఎవరైనా ఇంటికి పిలిస్తే

పిలుపొస్తే వదులుకోకండి. తోటి ఉద్యోగో, ల్యాబ్‌లో స్నేహితుడో పండగకి రమ్మన్నాడంటే వాళ్లింట్లో మనిషిగా చూస్తున్నాడని. ఖాళీ చేతులతో వెళ్లొద్దు. గుడ్డలో చుట్టిన పియర్ పళ్ల పెట్టె ఎవరికైనా నచ్చుతుంది. ఇండియా నుంచి తెచ్చిన జీడిపప్పు, మంచి టీ పొడి కూడా బాగుంటాయి. ఇచ్చేటప్పుడూ పుచ్చుకునేటప్పుడూ రెండు చేతులు వాడండి.

పొద్దున్నే చారే అనే పెద్దల పూజ ఉంటుంది. క్రైస్తవ కుటుంబాలు చాలావరకు దాని బదులు ప్రార్థన చేసుకుంటాయి. బల్ల మీద అన్నం, పులుసు, పళ్లు, మద్యం వరసగా అమర్చి, ఇంటివాళ్లు మోకాళ్ల మీద వంగి నేలకి తల ఆనించి రెండుసార్లు మొక్కుతారు. మీరు మొక్కాలని ఎవరూ అనుకోరు. వెనకాల నిశ్శబ్దంగా నిలబడితే చాలు. ఫొటో కావాలంటే ముందు అడగండి. పూజయ్యాక అదే భోజనం అందరూ పంచుకుంటారు. పెద్దవాళ్లు మద్యం పోస్తే, తాగనివాళ్లు మర్యాదగా గ్లాసు అందుకుని పక్కన పెట్టొచ్చు. తాగేవాళ్లు పెద్దల ఎదుట తల పక్కకి తిప్పుకుని తాగుతారు.

ముందు రోజే చేరుకుంటే సోంగ్‌ప్యోన్ చేయడంలో మీకూ చోటిస్తారు. నిమ్మకాయంత ముద్ద తీసుకుని, బొటనవేలితో మధ్యలో గుంట చేసి, నువ్వుల పొడి ఒక చెంచా వేసి, అంచులు మూసి, గాలి లేకుండా పిడికిట్లో నొక్కి, ఆ తర్వాత అర్ధచంద్రుడిలా దిద్దాలి. నింపింది ఎక్కువైతే ఉడికేటప్పుడు పగిలి చక్కెరంతా కారిపోతుంది. అందంగా చేసిన వాళ్లకి చక్కటి కూతురు పుడుతుందని పక్కనున్న అమ్మమ్మ తప్పకుండా అంటుంది.

భోజనమయ్యాక సమాధుల దగ్గరికి రమ్మంటే గట్టి బూట్లు, పొడుగు ప్యాంటు వేసుకోండి. సమాధులు ఎక్కువగా కొండవాలు మీద ఉంటాయి, ఆ నెలల్లో కందిరీగలు ఎక్కువ. వెళ్లేటప్పుడు "చుసోక్ జల్ బొనేసెయో" అని చెప్పండి, పండగ బాగా జరుపుకోండని. మొహాలు విప్పారతాయి.

కొరియా కంపెనీల్లో పనిచేసేవాళ్లకి పండగ కానుకగా డబ్బా మాంసం, ట్యూనా, వంటనూనె ఉన్న పెట్టె ఇవ్వడం మామూలు. మాంసం తినకపోతే పారేయకండి, తోటివాళ్లకి ఇచ్చేయండి. డాంగ్‌గున్ అనే యాప్‌లో పండగ వారం ఇలాంటి పెట్టెలు చేతులు మారుతూనే ఉంటాయి.

ఒంట్లో బాగోకపోతే, చేతిలో డబ్బు లేకపోతే

క్లినిక్కులు, మందుల షాపులు చాలావరకు మూతే. రోజూ వేసుకునే మందులు పది రోజులకి సరిపడా దగ్గర పెట్టుకోండి. జ్వరానికీ అజీర్తికీ మామూలు మాత్రలు కన్వీనియన్స్ స్టోర్లో అమ్ముతారు. అత్యవసరమైతే 119. సియోల్‌లో ఏ ఆసుపత్రి తెరిచి ఉందో 120కి ఫోన్ చేసి అడగొచ్చు. టూరిస్టుల కోసం ఉన్న 1330 నంబర్లో ఇంగ్లిష్‌లో మాట్లాడతారు. రైలు, బస్సు, తెరిచిన హోటళ్ల గురించి కూడా వాళ్లనే అడగండి.

బ్యాంకులుండవు. కార్డు దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది, కానీ మెట్రో, బస్సుల టీమనీ కార్డులో డబ్బు వేసుకోవడానికి చాలాచోట్ల నోట్లు కావాలి. సెలవులు మొదలవకముందే కొన్ని వోన్లు తీసి పెట్టుకోండి. కొరియర్లు కూడా రోజుల తరబడి ఆగిపోతాయి, ఆన్‌లైన్లో ఆర్డర్ చేసే పని ఉంటే వారం ముందే చేసేయండి. పండగ రాత్రి, మర్నాటి రాత్రి సియోల్ మెట్రో ఆఖరి రైళ్లని కొన్నేళ్లు అర్ధరాత్రి దాటాక కూడా నడిపారు. మీరు వెళ్లిన ఏడు ఆ ప్రకటన వచ్చిందేమో స్టేషన్లో చూడండి.

రావడం, పోవడం

సెలవులు మొదలయ్యే రోజున ఇంచియాన్ విమానాశ్రయంలో దిగితే నగరానికి బస్సో ట్యాక్సీయో ఎక్కకండి. ఎయిర్‌పోర్ట్ రైలు ఎక్స్‌ప్రెస్ ఒకటో టెర్మినల్ నుంచి 43 నిమిషాల్లో సియోల్ స్టేషన్ చేరుస్తుంది, రోడ్డు ఎలా ఉన్నా సరే. అదే రోజు దేశం విడిచి వెళ్లేవాళ్లతో బయల్దేరే హాలు కిక్కిరిసిపోతుంది, కొరియన్లు ఈ సెలవుల్లో విదేశాలకి తెగ తిరుగుతారు. కాబట్టి ఇండియా తిరుగు ప్రయాణం సెలవుల మొదటి రెండు రోజుల్లో పెట్టుకోకండి. తప్పకపోతే నాలుగు గంటల ముందు విమానాశ్రయంలో ఉండండి. సెలవులు ముగిసిన మర్నాడైతే రద్దీ అంతా వచ్చేవాళ్ల వైపే. మూడు గంటల ముందు చేరితే సరిపోతుంది. జేజు ద్వీపానికి సియోల్‌లోని రెండో విమానాశ్రయం గింపో నుంచి వెళ్లే విమానాలు మాత్రం సెలవుల పొడుగునా నిండుగానే ఉంటాయి. అక్కడికి వెళ్లాలనుంటే నెలల ముందు కొనండి, లేదా వచ్చే వారానికి జరుపుకోండి.